రొయ్యల గుంటలో తిరిగే పడవకు రెండు చెవుల సోనార్: ఏ జంతువు నుంచి ఏం తీసుకోవాల?

కోడూరు_గుంట అడిగినది:

అన్నలందరికీ నమస్తే. ఎకరం రొయ్యల గుంట. నీళ్లు 1.4 మీటర్లు, సెలినిటీ (నీళ్ల ఉప్పదనం) 15, మధ్యాహ్నం నీటి వేడి 30 డిగ్రీలు. నాలుగంగుళాల పీవీసీ పైపులు రెండు జత చేసి కట్టిన చిన్న పడవ డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్ ప్రోబులు మోసుకుని గుంటంతా దానంతటదే తిరిగి రావాల. జీపీఎస్‌తో గీత మీద బాగానే పోతా ఉంది. తంటా అంతా అడ్డాలతోనే. ఏరియేటర్ ఫ్లోట్లు, మేత చూసే చెక్ ట్రేల కోసం పాతిన సవక కర్రలు, వాటి మధ్య లాగి కట్టిన తాళ్లు.

జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ (ధ్వనితో దూరం కొలిచే సెన్సర్) వాటర్‌ప్రూఫ్ గదా అని నీళ్లలో ముంచితే, ఎదురుగా ఏముండినా ఒకటే అంకె చూపిస్తాది. 200 కిలోహెర్ట్జ్ ఫిష్ ఫైండర్ డిస్కును ముందుకు తిప్పి పెడితే ఎదురుగా ఏదో ఉందని చెప్తాది గానీ అది ఎడమ పక్కనా కుడి పక్కనా అనేది తెలీదు. డ్రైవ్ ఓల్టేజి పెంచితే ఇంకా ఘోరం, తెర నిండా ఎకోలే.

గబ్బిలం, డాల్ఫిన్ రెండు చెవులతోనే ఇదంతా చేస్తాయంటారు. అట్టా రెండు రిసీవర్లు పెడితే చాలా? చెవికీ చెవికీ ఎంత ఎడం ఉండాల? కూత ఎట్టా ఉండాల? రాస్ప్‌బెర్రీ పై పికో (చిన్న కంట్రోలర్ బోర్డు) సరిపోద్దా? ఇంకోటి, అదే సెట్టుతో అడుగున నల్ల బురద మందం కూడా తెలిస్తే ఒకే ఖర్చుతో రెండు పనులు అయిపోతాయి.


గబ్బిలం_చెవి రాసినది:

ముందు ఆ జేఎస్‌ఎన్ సంగతి తేల్చేద్దాం. వాటర్‌ప్రూఫ్ అంటే వాన పడినా చెడదని, నీళ్లలో పనిచేస్తుందని కాదు. దాని గుడ్డి దూరం గాలిలో 20 సెం.మీ. అంటే కూత పెట్టాక 1.17 మిల్లీసెకండ్ల దాకా అది ఏమీ వినదు. మీ నీళ్లలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1525 మీటర్లు, కాబట్టి అదే 1.17 మిల్లీసెకండ్లు నీళ్లలో 89 సెం.మీ. గుడ్డి దూరం అవుతుంది. పైగా దాని లెక్కంతా గాలిలో వేగానికి కట్టింది. ఆ సెన్సర్‌ను కట్ట మీద నీటిమట్టం చూడ్డానికి వాడుకోండి, అక్కడ బంగారం.

వాన పడి సెలినిటీ 15 నుంచి 8కి దిగితే వేగం తగ్గేది 7 మీటర్లు. వేడి ఒక డిగ్రీ మారితే 2 మీటర్లు. 5 మీటర్ల దూరాన రెండు మూడు సెం.మీ. తేడా. దానికోసం ప్రత్యేకంగా సెన్సర్లు పెట్టబాకండి, 1525 అని రాసేసి వదిలెయ్యండి.

ఇక ఓల్టేజి పెంచడం. గుడి మంటపంలో గట్టిగా అరిస్తే గోడలు కూడా అంతే గట్టిగా అరుస్తాయి. మీ గుంట అంతకంటే ఇరుకు: పైన నీటి ముఖం, కింద నేల, రెంటి మధ్య 1.4 మీటర్లే. మీకు అడ్డం వస్తున్నది బయటి రొద కాదు, మీ కూతే తిరిగి తిరిగి వస్తోంది. కూత రెట్టింపు చేస్తే కర్ర ఎకో, నేల ఎకో రెండూ రెట్టింపవుతాయి, వాటి నిష్పత్తి ఏం మారదు. మార్చాల్సింది కూత ఆకారం, చెవులు.

కూత ఆకారం గబ్బిలం దగ్గర నేర్చుకోండి. చింతచెట్లకు వేలాడే పెద్ద పండ్ల గబ్బిలాలు కాదు, వాటికి ఈ విద్య లేదు. పాత మంటపాల్లో ఉండే పురుగులు తినే చిన్నవి. వాటిలో చాలా రకాలు కూతను పై స్వరం నుంచి కింది స్వరానికి జారుస్తాయి, అమెరికాలో బాగా పరిశోధించిన గోధుమ గబ్బిలమైతే 100 కిలోహెర్ట్జ్ నుంచి 25 దాకా. ఇట్లా జారే కూతను రిసీవర్ వైపు అదే ఆకారపు నమూనాతో కోరిలేషన్ చేస్తే (జరిపి జరిపి పోల్చి చూస్తే), ఎంత పొడుగు కూతైనా ఒక సన్నటి శిఖరంగా కుదించుకుపోతుంది. ఆ శిఖరం సన్నదనం కూత పొడవును బట్టి ఉండదు, ఎన్ని కిలోహెర్ట్జ్ జారిందో దాన్ని బట్టి ఉంటుంది. 20 కిలోహెర్ట్జ్ జారితే మీ నీళ్లలో 3.8 సెం.మీ. ఎడంలో ఉన్న రెండు వస్తువులను విడదీస్తుంది. కర్రలు తప్పుకోవడానికి అంతకంటే అక్కర్లేదు.

ఒక చిక్కుంది. కూత పెడుతున్నంతసేపు చెవి మూసుకుపోతుంది. 1 మిల్లీసెకండ్ కూత అంటే ముందున్న 76 సెం.మీ. గుడ్డి. గబ్బిలం దీనికి రెండు పనులు చేస్తుంది. పురుగు దూరంగా ఉన్నప్పుడు పొడుగు కూతలు, సెకనుకు పది చొప్పున. పురుగు దగ్గరికి వచ్చేకొద్దీ కూత పొట్టిగా, వేగంగా, చివరికి సెకనుకు 150–200 దాకా. మీరు కూడా అంతే చెయ్యండి: మామూలుగా 1 మిల్లీసెకండ్ కూత, 2 మీటర్ల లోపల ఏదన్నా కనబడగానే 0.25 మిల్లీసెకండ్ కూత. పొట్టి కూతకు గుడ్డి దూరం 19 సెం.మీ. కోరిలేషన్ లాభం మాత్రం 13 డెసిబెల్స్ నుంచి 7కి పడుతుంది, కానీ దగ్గర వస్తువుకు ఆ లాభం అవసరం లేదు. రెండో పని, కూత పెట్టే క్షణాన గబ్బిలం మధ్యచెవి కండరం బిగుసుకుని వినికిడిని తగ్గిస్తుంది, తర్వాత కొన్ని మిల్లీసెకండ్లలో సడలుతుంది. మన భాషలో అది టైమ్ వేరీడ్ గెయిన్, అంటే సమయాన్ని బట్టి సిగ్నల్ పెంపు మార్చడం.

గుర్రపునాడా గబ్బిలాల్లాగా ఒకే స్వరం పట్టి డాప్లర్ (కదలిక వల్ల స్వరం మారడం) చూసే పద్ధతి గురించి ఎవరైనా చెబితే వదిలెయ్యండి. అది రెక్కలాడించే పురుగుల్ని ఆకుల మధ్య పట్టడానికి. మీ పడవ సెకనుకు అర మీటరు పోతే 45 కిలోహెర్ట్జ్ దగ్గర డాప్లర్ 30 హెర్ట్జ్ కూడా రాదు.

చెవుల ఎడం 10 సెం.మీ. పెట్టండి. పూర్తిగా పక్క నుంచి వచ్చే ధ్వనికి రెండు చెవుల మధ్య తేడా 65.6 మైక్రోసెకండ్లు వస్తుంది. గాలిలో మన తలకు ఇది సుమారు 650. అందుకే బావిలో మునిగినప్పుడు గట్టు మీద మోటారు ఏ పక్కన మోగుతోందో మనకు తెలియదు: ధ్వని నాలుగున్నర రెట్లు వేగంగా వస్తుంది, తేడా నాలుగో వంతుకు పడిపోతుంది. పికో ఏడీసీ (సిగ్నల్‌ను అంకెలుగా మార్చే భాగం) సెకనుకు 5 లక్షల శాంపిళ్లు తీస్తుంది, రెండు చానెళ్లకు పంచితే ఒక్కోదానికి 4 మైక్రోసెకండ్లకు ఒకటి. ఎదురుగా ఉన్న వస్తువుకు అది మూడున్నర డిగ్రీల మెట్టు. కోరిలేషన్ శిఖరం చుట్టూ మూడు బిందువులకు పారబోలా అమర్చితే ఇంకా సన్నగా వస్తుంది. పికో సరిపోతుంది.


సింగరాయకొండ_సర్క్యూట్ రాసినది:

హార్డ్‌వేర్ సంగతి నేను చెప్తా.

27 మి.మీ. ఇత్తడి బజర్ బిళ్లలు వాడొద్దు. చవకే గానీ ఒక బిళ్లకూ ఇంకో బిళ్లకూ స్పందన కలవదు. రెండు చెవులకు ఫేజ్ వేరువేరుగా ఉంటే దిక్కు లెక్క మొదట్లోనే తప్పుతుంది. 26 మి.మీ. బయటి వ్యాసం, 22 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న పీజో గొట్టాలు (కరెంటును ధ్వనిగా, ధ్వనిని కరెంటుగా మార్చేవి) దొరుకుతాయి, రేడియల్ రెజొనెన్స్ (గొట్టం ఉబ్బి ముడుచుకునే సొంత స్వరం) 43 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల. ఒకే లాటులోవి తెప్పించుకోండి, ఒకటి పగిలితే సరిపోయేట్టు ఒకటి ఎక్కువ. కూతను 53 నుంచి 33 కిలోహెర్ట్జ్‌కి జారిస్తే ఈ గొట్టానికి సరిగ్గా మధ్యన పడుతుంది.

టంకం వేసేటప్పుడు జాగ్రత్త. వెండి పూత మీద సోల్డర్ మొన రెండు మూడు సెకండ్లకు మించి ఆనిస్తే పూత లేచి వస్తుంది. 2 శాతం వెండి కలిసిన సోల్డర్ వాడితే పూతను తినదు. గొట్టం రెండు కొసలూ బండి ఇంజన్‌కి వేసే కార్క్ గ్యాస్కెట్ షీటు ముక్కలతో మూసెయ్యండి, లోపల గాలే ఉండాలి. లోపలికి నూనె పోతే ధ్వని ఒత్తిడి లోపలా బయటా సమానమై గొట్టం ముడుచుకోదు, సిగ్నల్ బాగా పడిపోతుంది.

బయట మాత్రం ఆముదం. డాల్ఫిన్ కింది దవడలో కొవ్వు నిండిన బోలు ఉంటుంది, ధ్వని ఆ కొవ్వు గుండానే లోపలి చెవికి చేరుతుంది. నీళ్లకూ కొవ్వుకూ ధ్వనిని నడిపించే గుణం దాదాపు ఒకటే కాబట్టి మధ్యలో తిరిగి కొట్టదు. ఆముదానిదీ అదే గుణం, నావికాదళాల సోనార్ పెట్టెల్లో కూడా ఎన్నో ఏళ్లుగా అదే పోస్తున్నారు. సైకిల్ ట్యూబు ముక్క (బ్యూటైల్ రబ్బరుది) గొట్టం చుట్టూ తొడిగి, ఆముదం నింపి, రెండు కొసలూ క్లిప్పులతో బిగించండి. గానుగ ఆముదం తెచ్చి ఒకసారి 100 డిగ్రీలు దాటేదాకా కాచి తేమ పోగొట్టండి, గోరువెచ్చగా ఉండగానే నింపి ఒక పూట నిలబెట్టి ఉంచండి. తలకు రాసుకునే సువాసన ఆముదం వద్దు. లోపల పెసరగింజంత గాలిబుడగ మిగిలినా ఆ చెవి సగం చెవిటిదే.

డాల్ఫిన్ కనిపించే చెవిని ఎందుకు వదులుకుందో కూడా చూడాలి. నీళ్లలో చెవి డొప్పలకు పని లేదు, వాటి గుండా ధ్వని దూసుకుపోతుంది. ప్లాస్టిక్‌తో చెవి డొప్ప ప్రింట్ చేసి పెట్టినా అంతే సంగతులు. నీళ్లలో ధ్వనికి గోడ కట్టేది గాలి ఒక్కటే. హవాయి చెప్పుల ఈవీఏ షీటు 10 మి.మీ.ది, గళ్లు మూసి ఉండే రకం, చెవుల వెనక నిలబెట్టండి. గొట్టానికి ఆనించి అంటిస్తే సిగ్నల్ చచ్చిపోతుంది, గాలి గోడ ధ్వనిని తిరగేసి పంపుతుంది కాబట్టి. గొట్టం నడిమి నుంచి షీటు ముఖం దాకా 2.7 సెం.మీ. ఉంచండి, అది 43 కిలోహెర్ట్జ్‌కి ముప్పావు తరంగదైర్ఘ్యం. తిరిగొచ్చిన ధ్వని ఆ దూరంలో ఎదురు ధ్వనికి కలిసొస్తుంది.

కూత పెట్టే గొట్టం చెవుల కంటే 30 సెం.మీ. కిందికి, సరిగ్గా నడిమి గీత మీద. డ్రైవ్‌కి టీసీ4427 చిప్పు ఒక్కటి చాలు: రెండు అవుట్‌పుట్లనూ ఎదురెదురు ఫేజుల్లో గొట్టం లోపలి, బయటి వెండి పూతలకు ఇస్తే 12 ఓల్టుల బ్యాటరీ మీద 24 ఓల్టుల ఊపు వస్తుంది. ఎకరం గుంటకు అంతకు మించొద్దు. పికోలో పీఐఓతో (పికో కాళ్లను నేరుగా నడిపే భాగం) చదరపు తరంగమే జారించండి, గొట్టమే దాన్ని గుండ్రం చేసుకుంటుంది.

ప్రీయాంప్‌కి (చెవి సిగ్నల్‌ను పెంచడానికి) టీఎల్072 చిప్పు, 12 ఓల్టుల మీద, 6 ఓల్టుల నడిమి రైలుతో. 5 ఓల్టుల మీద అది సరిగా నడవదు. ఒక్కో మెట్టుకు 20 రెట్లు, రెండు మెట్లు, మొత్తం 400. ఒకే మెట్టులో 400 అడిగితే 53 కిలోహెర్ట్జ్ దగ్గర దాని ఊపిరి చాలదు. రెండు మెట్ల మధ్య 1 నానోఫారడ్, 8.2 కిలోఓమ్ పెడితే 19 కిలోహెర్ట్జ్ కింద ఉన్నవి, అంటే ఏరియేటర్ గేర్‌బాక్స్ గరగర, 50 హెర్ట్జ్ హమ్, కిందికి పోయేకొద్దీ అణిగిపోతాయి. ఇన్‌పుట్‌కి 1 కిలోఓమ్, ఎదురెదురుగా రెండు 1ఎన్4148 డయోడ్లు. అవుట్‌పుట్ 3.3 దాటకుండా బీఏటీ54ఎస్ డయోడ్ల జంట.

గబ్బిలం కండరానికి సీడీ4066 స్విచ్ చాలు, మొదటి 2 మిల్లీసెకండ్లు రెండో మెట్టు గెయిన్ 20 నుంచి 2కి దించడానికి. ఇక్కడే అందరూ బోల్తా పడేది: 4066ని 12 ఓల్టుల మీద నడిపితే పికో 3.3 ఓల్టుల కాలు దాన్ని తిప్పలేదు. మధ్యన ఒక బీసీ547 ట్రాన్సిస్టర్ పెట్టి ఓల్టేజి ఎత్తాలి.

కేబుల్ ఆర్‌జీ174. దాని అల్లిక షీల్డు దీపం వత్తి లాగా ఉప్పునీళ్లను పైకి పీలుస్తుంది. కొస దగ్గర పైతొడుగును గరుకు కాగితంతో గీరి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ వేసి, దాని మీద అరాల్డైట్. ఇది సరిగా చెయ్యకపోతే పదిహేను రోజులు బాగా పనిచేసి, తర్వాత ఒక చెవి మెల్లగా సన్నగిల్లుతుంది. అప్పుడు మీరు ప్రోగ్రాంలో తప్పు వెతుకుతా కూర్చుంటారు.


తీతువు రాసినది:

గబ్బిలం_చెవి గారూ, మీరు చెప్పిన 10 సెం.మీ. దగ్గర నాకు అభ్యంతరం ఉంది. 43 కిలోహెర్ట్జ్ నడిమి స్వరానికి తరంగదైర్ఘ్యం 3.55 సెం.మీ., ఒక ఆవృత్తి 23 మైక్రోసెకండ్లు. చెవుల మధ్య తేడా −65 నుంచి +65 దాకా పోవచ్చు కాబట్టి ఆ 131 మైక్రోసెకండ్లలో ఐదారు శిఖరాలు పడతాయి. 20 కిలోహెర్ట్జ్ మాత్రమే జారిన కూతకు పక్క శిఖరం అసలు శిఖరం కంటే కాస్తే పొట్టి. కొంచెం రొద చాలు, లెక్క పక్క శిఖరం మీదికి దూకుతుంది. 5 డిగ్రీల దగ్గరున్న కర్ర ఒక పింగ్‌కి (కూతకి) 5, తర్వాతి పింగ్‌కి 26 చూపిస్తుంది. పడవ తాగినోడి మాదిరి ఊగుతుంది.

గుడ్లగూబకూ ఇదే సమస్య ఉంది, దాని జవాబు చూడదగ్గది. శాస్త్రవేత్త కోనిషి బృందం తెల్ల గుడ్లగూబ (బార్న్ ఔల్) మీద చేసిన పనిలో తేలిందేమంటే, ఒకే స్వరాన్ని వినే నాడీకణం ఒక్కటీ అసలు శిఖరాన్నీ దొంగ శిఖరాన్నీ విడదీయలేదు. తర్వాతి మెట్టులో వేర్వేరు స్వరాల కణాలు కలిసే చోట దొంగ శిఖరాలు ఒకదానికొకటి కలవవు, నిజమైన ఆలస్యం ఒక్కటే అన్ని స్వరాల్లోనూ ఒకే చోట నిలుస్తుంది. 1948లో జెఫ్రెస్ అనే శాస్త్రవేత్త ఊహించిన డిలే లైన్ల (సిగ్నల్‌ను కొద్దికొద్దిగా ఆలస్యం చేసే నాడీ దారుల) అమరిక, మీరు చెప్పిన కోరిలేషన్, నిజానికి ఒకటే. కానీ గుడ్లగూబ వినే స్వరాల వెడల్పు మన గొట్టానికి లేదు. కాబట్టి దాని జవాబు మనకు సగమే పనికొస్తుంది.

మిగతా సగానికి మూడో చెవి పెట్టండి. ఒక వరసలో, మొదటి రెంటి మధ్య 3 సెం.మీ., మొదటిదానికీ మూడోదానికీ 10 సెం.మీ. 26 మి.మీ. గొట్టాలకు తొడుగు పల్చగా ఉంటే 3 సెం.మీ. కుదురుతుంది. 3 సెం.మీ. జంట నడిమి నుంచి అటు 36, ఇటు 36 డిగ్రీల లోపల ఒకే జవాబు ఇస్తుంది. ఆ వెడల్పు దాటి వచ్చేదాన్ని ఈవీఏ షీటు రెక్కలు రెండు పక్కలా ఆపాలి. ఈ జంట మోటుగా దిక్కు చెబితే, 10 సెం.మీ. జంట శిఖరాల్లో దానికి దగ్గరున్నదాన్ని ఎంచుకుని సన్నగా లెక్క కట్టండి. పికోకి బయటికి వచ్చిన ఏడీసీ కాళ్లు కూడా మూడే, సరిగ్గా సరిపోయాయి. ఒక్కో చెవికి సెకనుకు 1,66,000 శాంపిళ్లు, 53 కిలోహెర్ట్జ్‌కి చాలు. 20 మిల్లీసెకండ్లు, అంటే 15 మీటర్ల దూరం వినడానికి మూడు చెవులకూ కలిపి 20 కిలోబైట్లే.

ఎవరూ చెప్పనిది ఒకటి: ఏడీసీ మూడు చెవులనూ ఒకేసారి వినదు, వంతులవారీగా వింటుంది. చెవికీ చెవికీ 2 మైక్రోసెకండ్ల ఆలస్యం అక్కడే చేరుతుంది. 3 సెం.మీ. జంటకు మొత్తం ఊపే 19.7 మైక్రోసెకండ్లు, కాబట్టి ఆ 2 మైక్రోసెకండ్లు 5.8 డిగ్రీల తప్పు. 10 సెం.మీ. జంట వంతుల్లో 4 మైక్రోసెకండ్లు వెనకబడితే అది 3.5 డిగ్రీలు. రెండు జంటలూ వేర్వేరు దిక్కులు చెబుతుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. లెక్కలో ఆలస్యం తీసెయ్యండి.


గబ్బిలం_చెవి రాసినది:

ఒప్పుకున్నా, తీతువు గారూ. 10 సెం.మీ. జంట ఒక్కటీ ఈ గొట్టాలతో నిలవదు. మూడు చెవులే సరి.


కోడూరు_గుంట అడిగినది:

చాలా థాంక్స్ అన్నా. మూడు సందేహాలు. గుడ్లగూబకు ఒక చెవి పైకీ ఒకటి కిందికీ ఉంటాదంట, దాంతో ఎత్తు కూడా తెలుస్తాదంట, మనమూ అట్టా ఒక చెవి ఎత్తుగా పెట్టాలా? నీటి ముఖం మీద కొట్టుకుని వచ్చే ఎకోలు దిక్కును చెడగొట్టవా? ఏరియేటర్ల బుడగల సంగతేంది?


తీతువు రాసినది:

చెవులు మూడూ రసమట్టంతో చూసినట్టు ఒకే మట్టానికి ఉండాలి. గుడ్లగూబ చీకట్లో కింద పరిగెత్తే ఎలకను పై నుంచి పట్టాలి, దానికి ఎత్తు కావాలి. మీ పడవకు ఏ అడ్డమైనా 1.4 మీటర్లలోనే ఉంది, ఎత్తు తెలిసి చేసేదేం లేదు. ఎత్తు తేడా పెడితే నష్టమే, అది మీ రెండో ప్రశ్నలో ఉంది.

చెవులు అర మీటరు లోతున, కర్ర 5 మీటర్ల దూరాన ఉంటే, నీటి ముఖాన్ని తాకి వచ్చే దారి నేరు దారి కంటే పది సెం.మీ. ఎక్కువ. దాదాపు 65 మైక్రోసెకండ్లు. ఇంకా దూరమైతే ఆ తేడా మరీ తగ్గి రెండూ ఒకే శిఖరంలో కలిసిపోతాయి, ఒకసారి బలంగా ఒకసారి బలహీనంగా వస్తుంటాయి. కానీ ఈ అదనపు దారి నిలువుగా ఉంది. మట్టంగా ఉన్న మూడు చెవులకూ అది ఒకేలా కలుస్తుంది, చెవుల మధ్య తేడాలో కొట్టుకుపోతుంది. దూరం కాస్త చెదురుతుంది, దిక్కు చెదరదు. పడవ ఒక పక్కకి ఒరిగితే మాత్రం ఈ సుఖం పోతుంది. ప్రోబుల బరువు ఒక పక్కనే వేలాడదీయకండి.


ముత్తుకూరు_ఏరియేటర్ రాసినది:

బుడగల సంగతి నేను చెప్తా తమ్ముడూ.

నీళ్లలో ప్రతి బుడగా ఒక గంట. నీటి ముఖానికి దగ్గర దాని స్వరం, 3.26ని వ్యాసార్ధంతో (మీటర్లలో) భాగిస్తే వచ్చే హెర్ట్జ్. 1 మి.మీ. వ్యాసార్ధం బుడగ 3 కిలోహెర్ట్జ్ పైచిలుకున మోగుతాది, 0.1 మి.మీ.ది 33 దగ్గర, 0.05 మి.మీ.ది 65 దగ్గర. పాడిల్ వీల్ నీళ్లను చిలికితే పెద్ద బుడగలతో పాటు ఈ సన్నవి కూడా లెక్కలేనన్ని వస్తాయి. మీరు ఎంచుకున్న 33–53 అంతా సరిగ్గా వాటి స్వరాల మధ్యనే పడింది. అవి మీ కూతను మింగుతాయి, మిగిలింది చెల్లాచెదరు చేస్తాయి. ఏరియేటర్ ముందు తెర తెల్లగా అయిపోయేది అందుకే.

పెద్ద బుడగలు చిటికెలో పైకి పోతాయి. 0.05 మి.మీ. బుడగ సెకనుకు 7 మి.మీ. చొప్పున లేస్తాది, 1.2 మీటర్లు ఎక్కడానికి మూడు నిమిషాలు. 0.02 మి.మీ.దైతే సెకనుకు 1.1 మి.మీ., 18 నిమిషాలు. అంటే ఏరియేటర్ ఆపి ఐదు నిమిషాలు ఆగితే చాలావరకు తెర శుభ్రం, పూర్తిగా కావాలంటే ఇరవై. మధ్యాహ్నం 1 నుంచి 3 లోపల, ఎండ బాగా ఉన్న రోజు, డీఓ మీటరు చూసుకుని ఒక్కో ఏరియేటర్‌ని వంతులవారీగా ఆపండి. అన్నీ ఒకేసారి కాదు. మబ్బు పట్టినా, రాత్రైనా, తెల్లవారుజామునైనా ఆపే మాటే వద్దు, సోనార్ కోసం రొయ్యలు పైకి తేలితే ఆ నష్టం ఎవరూ కట్టరు. డీఓ కొలిచే పడవ మామూలుగా మనకు తెల్లారుజామునే కావాల, అది నాకూ తెలుసు. ఆ వేళలో ఏరియేటర్ చుట్టూ ఐదు మీటర్ల గుండ్రం జీపీఎస్‌లో నిషేధం అని గీసెయ్యండి. ఏరియేటర్ ఎక్కడుందో మనకు తెలుసు గదా, సోనార్‌ను అడగడం దేనికి? సోనార్‌ను కదిలే వాటికి, కొత్తగా పాతిన కర్రలకు ఉంచుకోండి.

బురద మందం. సర్వే వాళ్లు దీనికి రెండు స్వరాలు వాడతారు, 200 మెత్తటి బురద పైముఖాన తిరిగి వస్తాది, 33 లోపలికి దిగి గట్టి నేల నుంచి వస్తాది, రెంటి తేడా బురద మందం. పద్ధతి మంచిదే. కానీ మన నల్ల బురదలో కుళ్లు గాలి ఇరుక్కుని ఉంటాది, అడుగు పెడితే బుడబుడమని లేచేది అదే. ఆ గాలి 33ని కూడా పైముఖానే ఆపేస్తాది. అప్పుడు రెండు స్వరాలూ ఒకే లోతు చూపిస్తాయి, బురదే లేదని మీరు సంతోషపడతారు. సెంట్రల్ డ్రైన్ చుట్టూ బురద ఎక్కువున్న చోటే ఈ మోసం కూడా ఎక్కువ. ఒకటిన్నర అంగుళం పీవీసీ పైపు కొసన అర అడుగు పళ్లెం బిగించి మెల్లగా దించండి, బురద మీద ఆగుతాది. పైపు లోపల నుంచి సన్న ఇనప చువ్వ గట్టి నేల తగిలేదాకా పొడవండి. గుంటలో పదిహేను చోట్ల కొలిస్తే ఒక గంట పని. దీనికి సోనార్ ఎందుకయ్యా.


గబ్బిలం_చెవి రాసినది:

బుడగల్లో చూసే సోనార్ ఒకటుంది, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో లైటన్ అనే శాస్త్రవేత్త బృందం చేసింది. బుడగల వల పన్ని వేటాడే డాల్ఫిన్లు అందులో ఎట్లా చూడగలవన్న ప్రశ్న నుంచి వచ్చిన ఆలోచన. ఒక కూత, వెంటనే దాన్నే తలకిందులు చేసిన ఇంకో కూత. గట్టి వస్తువు రెంటినీ ఉన్నదున్నట్టు తిప్పి పంపుతుంది, బుడగ మాత్రం ఒత్తిడికి వంకరగా స్పందిస్తుంది. రెండు ఎకోలనూ తీసివేస్తే గట్టి వస్తువు పెరుగుతుంది, కలిపితే బుడగ పైకి వస్తుంది. కోడూరు తమ్ముడు దీన్ని చదివి ఉత్సాహపడకముందే చెప్తున్నా, ఇది పనిచేయాలంటే బుడగలు వంకరగా ఊగేంత బలంగా కూత ఉండాలి. టీసీ4427 ఇచ్చే 24 ఓల్టులతో ఆ వంకర రాదు.


సింగరాయకొండ_సర్క్యూట్ రాసినది:

గుంటలో దించేముందు పరీక్ష. నీళ్ల డ్రమ్ములో చెయ్యొద్దు, గోడ ఎకోలు అర మిల్లీసెకండ్ లోపలే వచ్చి పడతాయి, కూత అయిపోయేసరికే అంతా కలగాపులగం. ఏరియేటర్లు లేని రిజర్వాయర్ గుంట మంచిది. 40 మి.మీ. టేబుల్ టెన్నిస్ బంతికి చేపల గాలం తీగ, కింద సీసం గుండు కట్టి అర మీటరు లోతున వేలాడదీయండి. లోపల గాలి ఉంది కాబట్టి బంతి చిన్నదైనా బాగా పలుకుతుంది, లక్ష్యబలం (ఎకోను ఎంత గట్టిగా తిప్పి పంపుతుందనే కొలత) −40 డెసిబెల్స్ చుట్టూ. 3 మీటర్ల దగ్గర ఎకో 3.93 మిల్లీసెకండ్లకు రావాలి. రాకపోతే ముందు గెయిన్ స్విచ్ చూడండి, గెయిన్ ఇంకా 2 దగ్గరే ఉండిపోయి ఉంటుంది. తర్వాత బంతిని నడిమిన, ఎడమ 30, కుడి 30 డిగ్రీల దగ్గర పెట్టి చూడండి. నడిమిన సున్నా రాకుండా అన్ని చోట్లా ఒకే వైపు తప్పితే అది ఏడీసీ వంతుల ఆలస్యం. ఎడమన సరిగా వచ్చి కుడిన కుదించుకుపోతే ఒక తొడుగులో గాలిబుడగ. ఒక పింగ్‌కీ ఇంకో పింగ్‌కీ ఇరవై డిగ్రీలు దూకుతుంటే 3 సెం.మీ. జంట పనిచెయ్యడం లేదని.

పింగ్‌లు సెకనుకు నాలుగైదు చాలు. ఎనిమిది దాటితే కట్ట నుంచి వచ్చే పాత ఎకో కొత్త పింగ్‌లో దొంగ కర్రగా కనబడుతుంది. ఎకరం గుంటలో ధ్వని మూల నుంచి మూలకు పోయి రావడానికే 120 మిల్లీసెకండ్లకు దగ్గర పడుతుంది. అనుమానముంటే పింగ్‌ల మధ్య ఎడం కాస్త అటూ ఇటూ మార్చుతూ పోండి, దొంగ కర్ర ప్రతిసారీ చోటు మారుతుంది, నిజం కర్ర మారదు.

తాళ్ల గురించి మీరు మళ్లీ అడగలేదు గానీ, అవే అసలు ప్రమాదం. 8 మి.మీ. తాడు 3.5 సెం.మీ. తరంగానికి దాదాపు లేనట్టే, ఈ సోనార్‌కి కనబడదు. బిగుతుగా మూత పెట్టిన చిన్న ఖాళీ మందు సీసాలకు సీసం కట్టి, తాడు నుంచి అర మీటరు కిందికి వేలాడేట్టు రెండు మీటర్లకొకటి కట్టండి. అవి కర్రల కంటే బాగా పలుకుతాయి. ప్రొపెల్లర్‌కి ఎట్లాగూ ఒక కంచె వెయ్యండి.